ఒప్పుకొనుటయా? తప్పుకొనుటయా?



రజతోత్సవ వేళ ఆటను గూర్చి ప్రసంగమేమని మీరనుకొనవచ్చును. పందెము పెరుగుచున్నను ధర్మరాజు తప్పుకొనలేదు, ఫలిత మెల్లరెరిగినదే. ఎప్పుడు ఒప్పుకొనవలెనో, ఎప్పుడు తప్పుకొనవలెనో లెక్కగట్టి చెప్పు పాచికలాట యొకటి గలదు. అది బ్యాక్‌గామన్.

ఇందు ఒక్కొక్కరికి 15 కాయలు. అన్నిటిని ముందుగా పండించుకొన్నవాడు గెలుచును. ఓడినవాని కాయ యొక్కటియు పండకున్నచో అది గామన్; నష్టము రెండింతలు. 1920 దశకమున న్యూయార్కు క్లబ్బులలో దీనికి డబ్లింగ్ క్యూబు అను పందెపు ఘనము చేరినది. దానిపై 2 మొదలు 64 వరకు రెట్టింపుగా పెరుగు అంకెలుండును. ఆధిక్యము గలవాడు పందెము రెట్టించెదనని దానిని ముందుంచును. ఎదుటివాడు ఆట విడిచి అప్పటి పందెము నష్టపోవచ్చును. లేదా ఒప్పుకొని ఘనమును తీసికొనవచ్చును. మరల రెట్టించు హక్కు ఇక నాతనిదే.

ఒప్పుకొనుట కెంత బలము వలయును? నూరు ఆటలు విడిచినచో 100 పాయింట్లు పోవును. ఒప్పుకొని 25 గెలిచి 75 ఓడినచో 50 వచ్చి 150 పోవును. నష్టము మరల 100. ఘనము చేతనున్న లాభముచే అంతకు కొంచెము తక్కువ బలమైనను చాలును. కాని ఆ ఓటములలో 15 గామన్లైనచో నష్టము 130 అగును. రెండు గామన్లకు ఒక గెలుపు చొప్పున అదనముగ వలయునన్నమాట.

పోటీలో ఈ తూకము మారును. 7 పాయింట్ల పోటీలో ఒకనికి 5, వేరొకనికి 3 వచ్చినవనుకొందము. వెనుకబడినవాడు రెట్టించి గామన్ గెలిచినచో 4 పాయింట్లు లభించి పోటీయే యాతనిదగును. ముందున్నవానికి 2 పాయింట్లే చాలును గనుక ఘనము చేతికి వచ్చినను నిరుపయోగము. ఆతడు గామన్ భయమునే తూచవలెను.

ముందున్నవాడే రెట్టించినచో అంతయు తలక్రిందగును. గామన్ వలన ఆతనికి అదనపు లాభము లేదు. వెనుకబడినవాడు ఘనమును పుచ్చుకొని, వెంటనే 4కు రెట్టింపవచ్చును. 2 పోయినను, 4 పోయినను పోటీ పోవుట యొక్కటే. గెలిచినచో పోటీ తనదే. ముందున్నవాని తొందరపాటు ప్రత్యర్థి చేతికి ఆయుధమిచ్చినది.

ఈ వివేకము నేర్చుటకు ధనము ఒడ్డనక్కరలేదు. ప్రోనోటుపై సంతకము చేయునపుడును ఇదే ప్రశ్న: గెలిచిన నాకెంత యక్కరకు వచ్చును, ఓడిన నెంత భరింపగలను? ఈ లెక్క నేర్పునది చదువు. ఆ చదువునకు నిలయము గ్రంథాలయము. ఇది స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.