వారాలిచ్చే ఇల్లు లేనివాళ్ల మొదటి వారం

(ఢిల్లీ కాలేజీల్లో కొత్తగా చేరిన తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా పరిశోధన సంగీత విద్యాసంస్థల చరిత్ర మీద. మీలో కొందరు ఈ ఏడాది మ్యూజిక్ ఆనర్స్‌లో చేరారు. ముఖ్యంగా వాళ్లతో మాట్లాడదామని వచ్చాను. మిగతావాళ్లు మీ మీ డిపార్ట్‌మెంట్‌లకు అన్వయించుకోండి.

మ్యూజిక్ డిపార్ట్‌మెంట్‌లో మొదటి వారం అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" హిందుస్తానీ వాళ్లయితే "ఏ ఘరానా?" అని కూడా అడుగుతారు. వినడానికి చదువుకు సంబంధించిన ప్రశ్నే. కానీ పదేళ్లు ఒక గురువు దగ్గర కూర్చోవాలంటే ఫీజు కావాలి, సాధనకు ఒక గది కావాలి, అన్నిటికన్నా ముందు ఆ గురువు మనల్ని ఇంట్లోకి రానివ్వాలి. కాబట్టి ఆ ప్రశ్నలో సగం విద్య గురించి, సగం పుట్టిన ఇంటి గురించి.

నిజానికి సంగీత కళాశాల అనేది పుట్టిందే ఈ ప్రశ్నను దాటడానికి. 1901లో విష్ణు దిగంబర్ పలుస్కర్ లాహోర్‌లో గాంధర్వ మహావిద్యాలయం తెరిచారు. 1926లో భాత్‌ఖండే చొరవతో లక్నోలో మారిస్ కాలేజీ వచ్చింది. 1939లో ఈ ఢిల్లీలోనూ ఒక గాంధర్వ మహావిద్యాలయం మొదలైంది. అచ్చు పుస్తకం, స్వరలిపి, సిలబస్, పరీక్ష: ఇవి ఉంటే ఉస్తాద్ ఇంట్లో పుట్టకపోయినా సంగీతం నేర్చుకోవచ్చని అవి మాటిచ్చాయి. ఆ మాట ఎవరికి అందింది? ప్రధానంగా పట్టణాల్లోని అగ్రకుల మధ్యతరగతికి. ముస్లిం ఉస్తాదులు, తవాయిఫ్‌లు తరతరాలుగా కాపాడిన విద్య వాళ్ల చేతుల్లోంచి క్లాస్‌రూమ్‌లోకి వచ్చింది. మన వాడల దాకా మాత్రం రాలేదు.

మనకు బాగా తెలిసిన ఒక సంగీత విద్యార్థిని తీసుకుందాం. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. 1930ల్లో తండ్రి లేని ఒక పేద పిల్లవాడు అక్కడికి చేరాడు. ఆయనే ఘంటసాల. వారాలు చేసుకున్నాడు, జోలె పట్టి మధూకరం ఎత్తాడు, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాఠం నేర్చుకున్నాడు. ఆ కష్టం నిజం, ఆ గొంతు గొప్పది. రెండింటిలో దేన్నీ నేను తక్కువ చేయడం లేదు.

కానీ వారాలు అంటే ఏమిటి? రోజుకొక ఇంట్లో పేద విద్యార్థికి అన్నం పెట్టడం. ఏ విద్యార్థికి? బ్రాహ్మణ పిల్లవాడికి. అదే ఊళ్లో, అంతే పేదరికంలో, అంతే మంచి గొంతున్న మాదిగ పిల్లవాడో మాల పిల్లవాడో ఏ ఇంటి గడప ముందు జోలె పట్టగలిగేవాడు? ఆ కథను మనం పేదరికాన్ని గెలిచిన ప్రతిభ కథగా చెప్పుకుంటాం. పేద విద్యార్థిని ఆదుకునే ఏర్పాటు కొన్ని కులాలకు ముందునుంచే ఉందన్న సంగతి కూడా అదే కథ చెబుతుంది.

మనకు అలాంటి ఏర్పాటు వైస్రాయ్ కౌన్సిల్‌లో అంబేద్కర్ ఉన్న రోజుల్లో, 1944లో, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రూపంలో వచ్చింది. తర్వాత సంక్షేమ హాస్టళ్లు వచ్చాయి. స్కాలర్‌షిప్‌ను దయ అనుకునేవాళ్లకు ఈ పోలిక చెప్పండి. వారాలు దయ. స్కాలర్‌షిప్ హక్కు.

ఇక నా మొదటి వారం. ఆ కాలేజీ పేరు చెప్పను, ఏ కాలేజీ అయినా కావచ్చు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే, మా తాత దగ్గర డప్పు, మా అమ్మ దగ్గర నాట్ల పాటలు అన్నాను. "ఇక్కడ శాస్త్రీయ సంగీతం నేర్పుతాం బేటా" అన్నారు మేడమ్, నవ్వుతూనే. కోపంగా అన్నా బాగుండేదనిపించింది. ఆ నవ్వుకు ఎదురు చెప్పడానికి నాకు మాట దొరకలేదు.

ఇప్పుడు చెబుతాను. డప్పు కొట్టే ముందు మంట మీద కాస్తారు. వేడికి తోలు బిగుస్తుంది, శ్రుతి పైకి వెళ్తుంది. ఎక్కడ ఆపాలో చెవి చెబుతుంది. అది శ్రుతి జ్ఞానం కాకపోతే మరేమిటి? పూజ చేసి, చెప్పులు విప్పి ముట్టుకునే మృదంగం మీద ఆవు, మేక, గేదె తోళ్లున్నాయి. ఆ తోలును శుభ్రం చేసి, కోసి, బిగించి, నాదం పలికించే చేతుల్లో ఎక్కువ భాగం దళితులవి. టి.ఎం. కృష్ణ 2020లో ఆ పనివాళ్ల మీద 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం రాస్తే, ఆవిష్కరణ సభకు ఇచ్చిన అనుమతిని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. వాద్యం వేదిక ఎక్కవచ్చు, దాన్ని చేసినవాడి కథ ఎక్కకూడదు.

అందుకే డిపార్ట్‌మెంట్‌లను మొదటి వారంలోనే అడగాల్సినవి కొన్నున్నాయి. ప్రవేశానికి సీయూఈటీతో పాటు ప్రాక్టికల్ పరీక్ష పెడుతున్నారు కదా, దానిలో దేనికెన్ని మార్కులో ముందే ప్రకటించండి. సరళీ స్వరాల నుంచి, అలంకారాల నుంచి మొదలుపెట్టే క్లాసును మొదటి సెమిస్టర్‌లో అందరికీ పెట్టండి. అలాగైతే అది వెనకబడ్డవాళ్ల క్లాసు కాబోదు. స్కాలర్‌షిప్ డబ్బు రాలేదని హాస్టల్ గది ఆపకండి. ఎస్సీ, ఎస్టీ సెల్‌లో ఎవరిని కలవాలో నోటీసు బోర్డు మీద పెట్టండి. వాద్యాల తయారీని, తయారుచేసేవాళ్లను సిలబస్‌లో ఒక యూనిట్‌గా చేర్చండి.

మీకు కూడా ఒక మాట. ఒంటరిగా ఉండకండి. సీనియర్ల నంబర్లు తీసుకోండి. క్లాసులో ఎవరైనా మాట అంటే తేదీతో సహా రాసి పెట్టుకోండి. సాధన మాత్రం ఏ కారణానికీ ఆపకండి. పోరాటం కోసం సాధన మానేస్తే వాళ్లకే సులువవుతుంది.

నార్త్ క్యాంపస్‌కు దగ్గర్లోనే 26 అలీపూర్ రోడ్ ఉంది. 1956 డిసెంబర్ 6న బాబాసాహెబ్ కన్నుమూసిన చోటు. ఇప్పుడు జాతీయ స్మారకం. ఒక ఆదివారం వెళ్లి రండి. అంత పని మధ్య, పెద్ద వయసులో ఆయన వయొలిన్ నేర్చుకున్నారు. ఆ వయొలిన్ ఇప్పుడు పుణెలోని మ్యూజియంలో ఉంది. బారిస్టర్‌గా, న్యాయశాఖ మంత్రిగా పనిచేసిన మనిషికి కూడా సంగీతంలో మొదటి పాఠం మొదటి పాఠమే. మీకూ అంతే. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే, నేర్చుకోవడానికే ఇక్కడికి వచ్చానని చెప్పండి. నేర్పడం కాలేజీ పని.

జై భీమ్.