పాత సీడీ నేర్పిన పాఠం

(సేదరపేట్‌లో సిబ్బంది కుటుంబాల కలయికలో కంప్యూటర్ విభాగం అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలకు ముందు మాట్లాడమన్నారు కాబట్టి త్వరగానే ముగిస్తాను. "నాన్నా, రాత్రిళ్లు బ్యాంకులో ఏం చేస్తావు?" అని మా అమ్మాయి చిన్నప్పుడు అడిగేది. అలాంటి ఒక రాత్రి సంగతి చెబుతాను.

2000 ప్రాంతంలో మాట. అప్పట్లో మన సర్వర్‌లో విండోస్ ఎన్‌టీ 4.0 ఉండేది. ఇక్కడి పారిశ్రామికవాడ కార్మికులకు ఏడో తేదీలోపు జీతాలు అందాలి. ఆరో తేదీ సాయంత్రం కౌంటర్లు మూశాక, ఫోన్ లైను మీద సర్వర్‌ను కలిపే రిమోట్ యాక్సెస్ సర్వీసును కొత్తగా చేర్చాను. అది సీడీ అడిగింది. 1996లో వచ్చిన అసలు సీడీ పెట్టాను. పని సాఫీగా అయిపోయింది. తీరా సర్వర్‌ను మళ్లీ ఆన్ చేస్తే, పొద్దుటిదాకా చక్కగా నడిచిన సర్వీసులు మొరాయించాయి!

హార్డ్ డిస్కు పోయిందనే అనుకున్నాను. రాత్రి పదింటికి ఒక్కో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి వెర్షన్ నంబర్లు చూస్తుంటే అసలు విషయం తెలిసింది. 1996 తర్వాత వచ్చిన సవరణలను సర్వీస్ ప్యాక్‌ల రూపంలో మేము వేసుకుంటూ వచ్చాం. కొత్త భాగమేమో పాత సీడీలోంచి తన ఫైళ్లు తెచ్చుకుని, అదే పేరుతో ఉన్న కొత్త ఫైళ్ల మీద రాసేసింది. సగం కొత్తవి, సగం పాతవి. వాటికి పొత్తు కుదరలేదు.

మందు చిన్నదే. సర్వీస్ ప్యాక్ మళ్లీ వేసి, సర్వర్ మళ్లీ ఆన్ చేయాలి. ఏ భాగం చేర్చినా ఇలా చేయాలని నాకు తెలుసు. తొందరలో వదిలేశాను. తప్పు సీడీది కాదు, నాది. సాయంత్రమే మా క్లర్కు గారు పట్టుబట్టి టేపు మీద బ్యాకప్ తీయించారు కాబట్టి ధైర్యంగా పని చేయగలిగాను. తెల్లవారుజామున మూడింటికి అన్నీ లేచాయి. ఏడో తేదీ క్యూలో నిలబడ్డవాళ్లకు ఈ సంగతే తెలియదు.

విండోస్ 2000 వచ్చాక ఆ బెడద తగ్గింది. కొత్త భాగం చేర్చినా సర్వీస్ ప్యాక్ మళ్లీ వేయనక్కర్లేదు. ముఖ్యమైన సిస్టమ్ ఫైలు మీద పాతది వచ్చి పడితే, సిస్టమే సరైనదాన్ని తిరిగి పెట్టుకుంటుంది.

ఇంట్లో కాగితాలకు మాత్రం అలాంటి కాపలా లేదు. కొత్త డిపాజిట్ వేసేటప్పుడు పాత దరఖాస్తు చూసి నింపేస్తాం. అందులో నామినీగా ఎప్పుడో కాలం చేసిన అమ్మ పేరుంటుంది. సేవింగ్స్ ఖాతాలో భార్య పేరు మార్చుకున్నా, డిపాజిట్‌లో పాత పేరే మళ్లీ పడుతుంది. నామినేషన్ ఏ ఖాతాకు ఆ ఖాతాకే. రోజూ ఖాతాదారులకు ఈ మాట చెప్పే మనమే, మన ఇంట్లో చూసుకోం.

ఇవాళ ఇంటికెళ్లాక భార్యాభర్తలిద్దరూ కలిసి పాస్‌బుక్కులు, డిపాజిట్ రసీదులు ఒకసారి ముందేసుకోండి. కొత్తది చేర్చిన ప్రతిసారీ, పాత సవరణలు నిలిచాయో లేదో చూసుకోండి. ఆ రాత్రి నేను చేయనిది అదే.

సెలవు. భోజనాలకు పదండి.