పిల్లల బహుమతులు, మన సంఘం గ్రేడు



పొదుపు గురించి, రికవరీ గురించి ముందు మాట్లాడిన అక్కలు చెప్పారు. మేము ప్రైవేటు హైస్కూళ్లలో పిల్లలకు ఇచ్చే బహుమతుల గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాం. పొదుపు సంఘానికి దీనితో పనేంటి అనుకోవద్దు. జూన్ నెలలో మన సంఘాల్లో అప్పు దేనికి అడుగుతారో మినిట్స్ పుస్తకం తీసి చూడండి. ఫీజు, పుస్తకాలు, బస్సు. గేదెకని రాయించుకున్న అప్పులో కూడా కొంత స్కూలుకే పోతుంది. ఆ సంగతి మనందరికీ తెలుసు.

పోయిన ఏడు మా ఊరి పిల్లలు చదివే ఒక స్కూల్లో వార్షికోత్సవానికి మేము అయిదుగురం తల్లులం వెళ్లాం. క్లాసుకు ముగ్గుర్ని స్టేజీ మీదకు పిలిచారు. షీల్డు ఇచ్చి, మెడలో మెడల్ వేసి, అమ్మానాన్నలను కూడా పిలిచి ఫోటో తీశారు. చూస్తుంటే మాకూ కళ్లు చెమర్చాయి. కష్టపడి చదివిన పిల్లలకు ఆ గౌరవం దక్కాల్సిందే. కానీ క్లాసులో నలభై మంది ఉన్నారు. మిగతా ముప్పై ఏడు మంది రెండు గంటలు చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చారు. వాళ్లు కట్టిన ఫీజు కూడా అంతే.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా సభ్యురాలి కొడుకు, "అమ్మా, మన పేరు పిలవరని తెలుసు గదా, ముందు వరసలో ఎందుకు కూర్చున్నావ్?" అన్నాడు. ఆ పిల్లాడికి ఆ ఏడు లెక్కల్లో మార్కులు 28 నుంచి 51కి పెరిగాయి. స్టేజీ మీద ఆ మాట ఎవరూ అనలేదు. నిజం చెప్పాలంటే ఇంట్లో కూడా ఎవరూ అనలేదు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టామే గాని, పాత మార్కులు పక్కన పెట్టి చూడలేదు. బ్యాంకు పాస్‌బుక్‌లో పది రూపాయలు తేడా వస్తే పట్టుకునే వాళ్లం, ఇది పట్టుకోలేకపోయాం.

ఇంకో స్కూల్లో ఇంతకంటే పెద్ద సంగతి జరిగింది. మా సభ్యురాలి కూతురు పదో తరగతి. లెక్కల్లో, సైన్సులో వెనకబడింది. నామినల్ రోల్స్ పంపే ముందు తల్లిని పిలిపించి, "మీ అమ్మాయిని వేరే స్కూలు పేరు మీద రాయిస్తాం, హాల్ టికెట్ మేమే తెచ్చిస్తాం" అన్నారు. ఎందుకంటే వాళ్లకు ఏటా నూటికి నూరు శాతం పాస్ అని ఫ్లెక్సీ వేయడం అలవాటు. ఆ పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు, బడికి పోనంది.

మేము నలుగురం కలిసి వెళ్లాం. గొడవకు పోలేదు. మన సంఘం సంగతే చెప్పాం. "సార్, మాకూ గ్రేడు ఉంది. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాపసు, పుస్తకాలు, ఈ పంచసూత్రాలు చూసి ఏ, బీ, సీ, డీ అని ఇస్తారు. ఒకామె కిస్తీ కట్టలేకపోతే అందరి గ్రేడూ పడుతుంది. అయినా మేము ఆమె పేరు తీసి వేరే సంఘంలో రాయించం. ఇంటికి వెళ్లి కష్టమేంటో కనుక్కుని, కట్టేదాకా తోడుంటాం. అయిదేళ్లు ఫీజు తీసుకున్న పిల్లను మీరెలా పంపిస్తారు?" అని అడిగాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఆ స్కూలు పేరు మీదే రాయించారు.

ఆ పిల్ల ఫస్టున పాసైందని చెప్తే బాగుండేది. లెక్కల్లో తప్పింది. సప్లిమెంటరీ రాసి 39 మార్కులతో పాసైంది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

అక్కలారా, కొన్ని విషయాలు తెలుసుకుందాం. పదో తరగతి పరీక్ష ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. ర్యాంకులతో ప్రకటనలు ఇవ్వకూడదని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అయినా ఫలితాలు వచ్చిన రోజు సెంటర్లో ఫ్లెక్సీలు చూస్తూనే ఉన్నాం. ఫ్లెక్సీ చూసి స్కూలు మార్చే ముందు ఒక్క మాట అడగండి: జూన్‌లో పదిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఎంతమంది మీ స్కూలు పేరుతో పరీక్ష రాశారు?

ఇంకోటి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. అది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే గాని ప్రైవేటు బడి పిల్లలకు లేదు. నూజివీడు, ఇడుపులపాయ లాంటి ట్రిపుల్ ఐటీల సీట్లకు కూడా ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు 4 శాతం కలుపుతారు. ప్రైవేటు బడి వద్దని మేము అనడం లేదు. మా పిల్లలూ అక్కడ చదువుతున్నారు. అప్పు తీసుకునే ముందు షీల్డు ఒక్కటే కాకుండా ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలంటున్నాం.

ఈ ఏడు మా గ్రామ సంఘంలో ఒక తీర్మానం చేసుకున్నాం. మనిషికి 20 రూపాయలు వేసుకుని పిల్లలకు మనమే బహుమతులు ఇద్దామని. ఎవరికి ఇవ్వాలన్న దగ్గర వాదన వచ్చింది. "ఫస్టు వచ్చినోళ్లను తక్కువ చేస్తామా?" అని ఒక అక్క అడిగింది. ఆమె అడిగింది న్యాయమే. అందుకని మూడు రకాలుగా ఇచ్చాం: ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు, పోయిన ఏటి కంటే బాగా పెరిగినవాళ్లకు, తప్పినా మళ్లీ రాసి పాసైనవాళ్లకు. స్టీలు టిఫిన్ బాక్సు, పెన్ను. పెద్ద ఖర్చేం కాదు. సప్లిమెంటరీలో పాసైన ఆ పిల్లను పిలిచినప్పుడు వాళ్లమ్మ ముందు వరసలోనే కూర్చుంది.

మిగతా గ్రామ సంఘాలు కూడా ఈ విషయం మీ సమావేశంలో పెట్టి చర్చించాలని కోరుతున్నాం. ఇవాళ ఇంటికి వెళ్లాక పిల్లల ప్రోగ్రెస్ కార్డులు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పెరిగిన మార్కు ఒక్కటి కనిపించినా ఆ మాట బిడ్డతో చెప్పండి.