పొగగొట్టములోని తేనెపట్టు

కొండదారిలో బండి మొరాయించినప్పుడే దాని లోపలి సంగతులు మనకు జ్ఞప్తికి వచ్చును. గుమ్మలక్ష్మీపురమునుండి కొండపైని గూడెములకు పోవు దారిలో మాకట్టి అనుభవము కలిగినది. ఏటవాలు సులభముగా ఎక్కవలెనని మా పాత పెట్రోలు జీపునకు సూపర్‌చార్జరు అమర్పించితిమి. కొన్ని నెలలు అది లేడివలె ఎక్కినది. వానలు వెనుకబట్టునప్పటికి మొదటి గేరులో సైతము రొప్పసాగినది. వంగి చూడగా పొగగొట్టము నడుమనుండు కేటలిటిక్ కన్వర్టరు నిప్పువలె ఎఱ్ఱబడి యున్నది. “లోపలిది పొడిచి పారేస్తాను బాబూ, బండి గాలిలా పోతాది” అని మెకానిక్కు ఉపాయము చెప్పెను. పొడిచి పారవేయుటయా, మన్నికగల దానిని వెదకి పెట్టుటయా? నేటి మా ప్రసంగమునకు ఇదియే విషయము.

ఆ పెట్టెలో తేనెపట్టువంటి దిమ్మ యొకటి యుండును. దాని సన్నని కన్నముల గోడలకు ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువైన లోహములు పలుచగా పూయబడి యుండును. ఇంజనులోని పొగ ఆ కన్నములగుండ పోవునపుడు వాసనలేని విషమైన కార్బన్ మోనాక్సైడు బొగ్గుపులుసు గాలిగా మారును. కాలని పెట్రోలు ఆవిరి దహింపబడును. నత్రజని ఆక్సైడులు తిరిగి నత్రజని యగును. ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హూడ్రీ అమెరికాలో ఇట్టి సాధనమునకు 1956లో పేటెంటు పొందెను. కాని నాటి పెట్రోలులో కలిపెడి సీసము ఈ లోహములను చెఱచుచుండెను. మన దేశమున 1995 ఏప్రిల్ 1నుండి నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేసిరి. 2000 సంవత్సరమున సీసము కలిపిన పెట్రోలు దేశమంతట నిలిచిపోయెను.

మరి సూపర్‌చార్జరు దీని ఆయువు నేల హరించును? అది బెల్టు సాయమున తిరిగి ఇంజనులోనికి అధికముగ గాలిని నెట్టును. గాలి పెరిగినకొలది పెట్రోలు పెరుగును. పొగయు, వేడియు పెరుగును. టర్బోచార్జరైనచో పొగలోని వేడిని కొంత తాను వాడుకొనును. సూపర్‌చార్జరునకు ఆ పని లేదు; వేడి యంతయు తిన్నగా పెట్టెమీదికే పోవును. పైగా ఇంజనును కాపాడుటకై బరువు లాగునపుడు పెట్రోలు పాలు హెచ్చించెదరు. కాలక మిగిలినది పెట్టెలో చేరును. మా జీపులో నాలుగు ప్లగ్గులలో ఒకటి సరిగా నిప్పు రాల్చుట లేదని తరువాత తెలిసినది. ఆ సిలిండరులోని పెట్రోలు పచ్చిగా వచ్చి పెట్టెలోనే మండినది. తేనెపట్టు కరగి దారి మూసినది. దోషము ఇంజనుది, శిక్ష కన్వర్టరునకు!

కావున మొదటి పని ఇంజనును చక్కబఱచుట. ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సరు పరీక్షింపవలెను. సాధారణపు నడకలో ఒక పాలు పెట్రోలునకు తూకమున 14.7 పాళ్ల గాలి యున్నప్పుడే పెట్టె మూడు విషములను చక్కగా హరించును. ఇంజను నూనె త్రాగుచున్నచో దానిని మాన్పవలెను. నూనెలోని భాస్వరము లోహపు పూతను కప్పివేయును.

పిమ్మట ఎంపిక. పింగాణి దిమ్మ చౌక. మామూలు కారునకు చాలును. కాని రాతి దెబ్బకును, కాగియుండగా వాగునీట దిగినపుడును పగులవచ్చును. పలుచని ఉక్కురేకుతో చుట్టిన దిమ్మ ఖరీదైనను కుదుపుల కోర్చును, పొగకు దారి విశాలముగ నిచ్చును. చదరపు అంగుళమునకు 400 కన్నములు పరిపాటి. సూపర్‌చార్జరు బండికి 200 వాడుట కలదు. కన్నములు మఱీ తగ్గినచో శుద్ధియు తగ్గును. పెట్టె పరిమాణము పెరిగిన శక్తికి తగియుండవలెను. ఇంజనునకు మఱీ దాపున పెట్టినచో మాడును; మఱీ దూరమైనచో వేడెక్కదు. సుమారు 250, 300 డిగ్రీల సెంటిగ్రేడు వేడి చేరినగాని అది పని ప్రారంభింపదు. 900 దాటి చాలసేపు కాగినచో పూత చెడును. మఱియొక మాట: బండిలో ఇట్టి మార్పులు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు లోబడినవి. రవాణా కార్యాలయమున ముందుగా విచారించుట మేలు.

మేము ఉక్కురేకు దిమ్మనే ఎంచుకొంటిమి. దానిక్రింద వేడిని అడ్డు రేకు బిగించితిమి. వేసవిలో ఎండుటాకులమీద, ఎండుగడ్డిమీద బండి నిలుపుట మానితిమి. కాగిన పెట్టె తగిలి అవి అంటుకొనగలవు.

బోలుపెట్టెతో బండి ఎక్కునేమో. కాని సంతనాడు తలమీద గంపతో, చంకలో బిడ్డతో మన వెనుక ఏటవాలు ఎక్కువారు ఆ పొగనే పీల్చవలెను. బండిలోని మనకు అద్దములు మూసికొను వీలున్నది; వారికి లేదు.