ఛాయయే రూపమునకు ప్రాణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ఫొటోగ్రాఫు అను మాటకు గ్రీకు భాషలో వెలుగువ్రాత యని అర్థము. తెలుగువారు దానికి ఛాయాచిత్రమని పేరు పెట్టుకొనిరి. పాశ్చాత్యుడు వెలుగును చెప్పెను. తెలుగువాడు నీడను చెప్పెను. సంస్కృతమున ఛాయ యనగా నీడయు నగును, కాంతియు నగును. పూర్వపు స్టూడియోలలో స్పాట్‌లైట్లతో తీసిన రూపచిత్రముల మర్మమంతయు ఈ రెండర్థముల నడుమనే యున్నది. అట్టి చిత్రములను నేటి పరికరములతో మరల తీయుట యెట్లు, తీసినందువలన ప్రయోజనమేమి అనునవియే ఈ ప్రసంగమునకు విషయములు.

మార్కండేయ పురాణమున సంజ్ఞాదేవి కథ కలదు. తిక్కన శిష్యుడగు మారన ఆ పురాణమును తెనిగించెను. సూర్యుని తేజస్సును సహింపలేక సంజ్ఞ తన ఛాయను ఇంట నిలిపి వెడలిపోయెను. పిమ్మట విశ్వకర్మ సూర్యుని సానబట్టి తేజస్సును తగ్గించిన తరువాతనే ఆ రూపము చూడదగినదయ్యెను. స్టూడియోలో దీపము నడుపువాని పనియు నిదియే. వెలుగును పెంచుట ఎవరికైనను చేతనగును, తగ్గించుటయే విద్య. ఆదోని, ఎమ్మిగనూరు సీమలలో వేసవి మిట్టమధ్యాహ్నము ఎండలో నిలిచినవాని కనుగుంటలు చీకటి గుంటలగును. ఆ మనుష్యుడే వసారాలో తలుపు ప్రక్కన కూర్చున్నచో ముక్కు, చెక్కిలి, గడ్డము దేనికది తీర్చినట్లు కనబడును. వెలుగు తగ్గినది, రూపము పెరిగినది.

విద్యుద్దీపములు రాక పూర్వము స్టూడియోలు పగటి వెలుగుమీదనే ఆధారపడెను. గాజు కప్పునుండి దిగు వెలుగును తెరలతో అదుపు చేయుచుండిరి. ఆరవ నిజాము ఆస్థానమున ఛాయాగ్రాహకుడై ‘రాజా’ బిరుదమందిన లాలా దీన్ దయాళ్ ఆ కాలపువాడు. తరువాత విద్యుత్తుతో స్పాట్‌లైటు వచ్చెను. దాని ముందుండు మెట్లుమెట్ల గాజు కటకము ఫ్రాన్సు దేశీయుడగు ఫ్రెనెల్ 1820ల దశకములో సముద్రతీరపు దీపస్తంభములకై కల్పించినది. ఓడలకు దారి చూపిన గాజు నటీనటుల ముఖములకు సొంపు కూర్చుటకు పనికివచ్చెను. అమెరికాలో జార్జ్ హరెల్ 1930లో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థలో చేరి, గాఢమైన నీడలతో తారల చిత్రములు తీసి పేరుగాంచెను. తెలుగున అట్టి కీర్తి మార్కస్ బార్ట్లీది. తాడిపత్రి ప్రాంతమువాడగు కె.వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) చిత్రములకు ఛాయాగ్రాహకు డతడే. మాయాబజార్‌లోని నౌకావిహారపు వెన్నెలను చూచినవారు నేటికిని మరువలేరు.

ఇక విధానము. ప్రధాన దీపమును ముఖమునకు సూటిగా నుంచరాదు. ఒక ప్రక్కకు 45 డిగ్రీలు జరిపి, తలకంటె ఎత్తున నిలుపవలెను. అప్పుడు ముక్కు నీడ చెక్కిలి నీడతో కలిసి, చీకటి వైపు కంటిక్రింద చిన్న వెలుగు త్రికోణ మేర్పడును. డచ్చి చిత్రకారుడగు రెంబ్రాంట్ పేరు దీనికి పెట్టిరి. దీపమును ముఖమునకు నడిమిగా చాల ఎత్తున నుంచినచో ముక్కు క్రింద సీతాకోకచిలుకవంటి నీడ పడును. ఆనాటి తారల చిత్రములలో నిది విరివిగా కానవచ్చును. నీడ వైపు బొత్తిగా నల్లబడకుండ కెమెరా ప్రక్కన రెండవ దీపముండును. దాని లెక్క సులభము. దూరము రెట్టింపైన వెలుగు నాలుగవ వంతగును. సమానమైన రెండు దీపములలో మొదటిది 4 అడుగుల దూరమునను, రెండవది 8 అడుగుల దూరమునను ఉన్నచో, వెలుగు వైపున నాలుగును ఒకటియు కలిసి 5 పాళ్లు, నీడ వైపున 1 పాలు పడును. కటకము లేని చిన్న దీపమునకు ఈ లెక్క చక్కగా చెల్లును. కటకపు దీపమునకు కంటితో సరిచూచుకొనవలెను. రెండవ దీపము లేనివారు నీడ వైపున తెల్లని ధోవతి నొకదానిని సాగగట్టినను చాలును. మూడవ దీపము వెనుకనుండి జుట్టు అంచులను వెలిగించి, తలను నల్లని గోడనుండి విడదీయును.

గోడమీద ఆకుల నీడయో, కిటికీ ఊచల నీడయో పడునట్లు చేయుట మరియొక నేర్పు. దీని సూత్రము తోలుబొమ్మలాట చూచిన వారందరికి తెలిసినదే. బొమ్మను తెరకు ఆనించిన రేఖ స్పష్టముగ నిలుచును. దీపము వైపు జరిపిన కొలది నీడ పెద్దదై అంచులు చెదరును. అటులే వెదురు తడికగాని, నులకమంచముగాని, కొమ్మగాని దీపమునకు దూరముగను గోడకు దగ్గరగను ఉంచిన గీతలు తేరుకొనును. దీపము చిన్నదై యుండవలెను. వెడల్పైన దీపమునకు పదునైన నీడ పడదు. టార్చిలైటునకు నల్లకాగితపు గొట్టము చుట్టినను స్పాట్‌లైటు పని కొంత నెరవేరును. కాని ఈ నీడలు గోడకును భుజమునకును చెందినవి. కన్నులమీద పడినచో ముఖము మరుగున పడి అలంకారము మిగులును.

రంగును గూర్చియు ఒక మాట. తొలినాటి ఫలకములకు ఎరుపు వర్ణము సోకెడిది కాదు. అందుచే నుదుటి కుంకుమ పటమున నల్లగా దిగెడిది. నేటి కెమెరాలో నలుపు తెలుపులకు మార్చునపుడు ఎరుపు పాలు తగ్గించినచో ఆ పాత తీరు వచ్చును. అయితే ఎండలో పనిచేసిన దేహచ్ఛాయ కూడ దానితోపాటు మరింత నల్లబడును గనుక మితము పాటింపవలెను.

పాత పద్ధతి యంతయు అనుసరణీయము కాదు. ఆనాటి స్టూడియోలలో నెగటివుమీద సన్నని పెన్సిలుతో దిద్ది ముడుతలు చెరపుచుండిరి. సినిమా తారకు అది వ్యాపారమున అవసరమై యుండవచ్చును. అరువదియేండ్లు మగ్గముముందు కూర్చున్నవాని నుదుటి గీతలు చెరపుట అతని జీవితమును చెరపుటయే. విష్ణుధర్మోత్తర పురాణమునందలి చిత్రసూత్రము నీడలు తీర్చుటకు వర్తన యని పేరిడి, పత్రజము, ఐరికము, బిందుజమని మూడు విధములు చెప్పినది. ఆ వర్తన రూపమును నిలుపుటకే గాని దాచుటకు కాదు.

ప్రయోజన మిచటనే యున్నది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో స్థాపించిన చేనేత సహకార సంఘపు చరిత్ర గ్రంథముల కెక్కినది. ఆ సంఘమునకు గుడ్డ నేసినవారి ముఖములు ఎన్ని యిండ్లలో నిలిచినవి? ఆదోని పత్తి బజారున మూటలు మోసినవారి ముఖములు ఎచట నున్నవి? పూర్వము పేదవాడు జన్మమున కొక పటము తీయించుకొన్నచో అదియే గొప్ప; ఆ యొక్కటి గోడమీద నిలిచెను. నేడు చరవాణిలో వేల చిత్రములున్నవి. కెమెరా ప్రక్కనే మెరయు దీపముచే నీడ తొలగి ముఖము చదునగుచున్నది. ఆ యంత్రము చెడిన నాడు చిత్రములును దానితోనే పోవుచున్నవి.

కావున రజతోత్సవ స్మారకముగా, గడచిన 25 సంవత్సరములకు గుర్తుగా, గ్రామమునందలి 25 మంది వృద్ధుల రూపచిత్రములను ఈ పద్ధతిని తీయించి, కాగితముమీద ముద్రించి గ్రంథాలయమున భద్రపరచుట యుక్తము. ఇందుకు రెండు దీపములు, ఒక ధోవతి, ఒక నల్లని దుప్పటి, ఒక కెమెరా చాలును. ప్రతి పటము వెనుక పేరు, తండ్రి పేరు, వృత్తి, తేదీ వ్రాయవలెను. తేదీలేని కాగితమునకు కచ్చేరిలో విలువ తగ్గును. పేరులేని పటమునకు ఇంటిలోనే విలువ పోవును. రెండు తరములు గడచిన పిదప అది ఎవరి ముఖమో చెప్పువా రుండరు. పుస్తకములను కాపాడిన ఈ గ్రంథాలయము ఆ ముఖములను గూడ కాపాడుగాక. ఈ కార్యమునకు యువకులు దీపము పట్టుదురుగాక.