అవ్వల పేరు పుస్తకంలోంచి కొట్టేయొద్దు

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి ఇంతమందిమి ఒక్కచోట కూర్చున్నాం. 2016లో జిల్లాలు వేరైనా పాలమూరు కష్టం మనందరికీ ఒక్కటే. పొదుపు, అప్పు లెక్కలు నివేదికలో ఉన్నాయి. మేము అరవై దాటిన ఆడవాళ్ళ కండబలం గురించి, వాళ్ళ మనసు గురించి మాట్లాడతాం.

ముందుగాల మా తప్పు ఒప్పుకుంటాం. మా సంఘం మొదలుపెట్టినవాళ్ళలో ఒక అవ్వ ఉంది. ఇల్లిల్లూ తిరిగి అందరితో పొదుపు కట్టించింది. అరవై నిండినంక అప్పుకు వయసు దాటిందని ఆమె పైసలు లెక్కకట్టి చేతికిచ్చి, పుస్తకంలో పేరు కొట్టేశాం. కొడుకు, కోడలు పనికి హైదరాబాద్ పోయారు. ఇంట్లో అవ్వ, ఇద్దరు మనుమలు. కొన్నాళ్ళకు ఆమె అరుగు దిగడం మానేసింది. వయసైంది, ఇంతే అనుకున్నాం. ఒకనాడు వాకిట్లో పడిపోయింది. ఎముక విరగలేదు గానీ లేవలేకపోయింది. దవాఖానకు తీసుకపోతే డాక్టరమ్మ ఏం తింటున్నావని అడిగింది. "అన్నం, తొక్కు" అంది అవ్వ. నిద్ర పడుతుందా అంటే కండ్లనీళ్ళు పెట్టుకుంది. "నా పేరు కొట్టేసినరు బిడ్డా. ఆ దినం సంది నన్ను పిలిచెటోళ్ళు లేరు" అంది. మాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలవలేదు.

డాక్టరమ్మ చెప్పింది మాకు అర్థమైనంత చెప్తాం. ముప్పై, నలభై ఏళ్ళ నుంచే ఒంట్లో కండ మెల్లమెల్లగా తగ్గుతుంది. ముట్లు ఆగినంక ఆడవాళ్ళకు, అరవై దాటినంక అందరికీ ఇంకా జోరుగా తగ్గుతుంది. దీన్ని డాక్టర్లు సార్కోపీనియా అంటారు. కాలు సాగకపోతే బయటికి పోబుద్ధి కాదు. మాట్లాడే మనిషి దొరకక దిగులు పడుతుంది. దిగులుపడ్డ మనిషి సరిగ్గా తినదు, కదలదు. దాంతో ఉన్న కండ కూడా పోతుంది.

"సీడ్ పత్తి చేలల్లో, మగ్గం మీద జన్మంతా కష్టం చేసినం, మాకెందుకు పోతది?" అని అవ్వలు అడుగుతారు. వయసులో చేసిన కష్టం ముసలితనం దాకా నిలవ ఉండదు. ఎప్పటికప్పుడు కట్టుకోవాల్సిందే, మన పొదుపు లాగ.

ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటుంది. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చొని, చేతులు రొమ్ముకు కట్టుకొని, ఐదుసార్లు లేచి కూర్చోవాలి. పక్కన ఒక మనిషి ఉండాలి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే బలం తగ్గిందని ఆసియా దేశాల నిపుణులు 2019లో చెప్పారు. అట్లయితే దవాఖానలో చూపించుకోవాలి.

పోయిన బలం మళ్ళీ వస్తుందా? వస్తుంది. అమెరికాలో తొంభై ఏళ్ళ వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించారు. పూర్తిచేసినవాళ్ళ కాళ్ళ బలం రెండింతలు దాటింది. అది 1990లో అచ్చయింది. తొంభైలో వచ్చిన బలం అరవైలో రాదా?

తిండి కూడా చూసుకోవాలి. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తుంది. 50 కిలోల మనిషికి అది 41 గ్రాములు దాటుతుంది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల పల్లీల్లో సుమారు 7 గ్రాములు ఉంటుంది. పల్లీలు మన చేన్లలోనే పండుతాయి. పండ్లు లేని అవ్వలకు పొడి కొట్టి పెట్టాలి. రోజూ పప్పు, పెరుగు ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ను అడిగే తినాలి.

మా అవ్వను మళ్ళీ మీటింగ్‌కు పిలుచుకొచ్చాం. మొదట రానంది. రెండోవారం ఇద్దరం పోయి చేయి పట్టుకొని తెచ్చాం. వారం వారం మీటింగ్ అయినంక అవ్వలందరం, మేమూ కలిసి కుర్చీలో లేచి కూర్చుంటాం, గోడ పట్టుకొని మడమలు లేపుతాం. నాలుగు నెలలకు అవ్వ గోడ పట్టకుండా లేస్తోంది. మోకాళ్ళ నొప్పి ఉంది. ఏడ్చే రోజులూ ఉన్నాయి. కానీ కిస్తీ కట్టనోళ్ళ ఇంటికి ఇప్పుడు ఆమెనే ముందు పోతుంది!

నిద్ర లేక, తిండి సహించక, "నేనుండి ఏం లాభం" అనే మాట అవ్వ నోట వస్తే ముసలితనం అని వదిలేయొద్దు. 14416 టెలిమానస్ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసలు పడవు. పెద్దవాళ్ళ సాయానికి 14567 ఉంది.

ఇప్పుడు మన రాష్ట్రంలో వృద్ధ మహిళలకు వేరే సంఘాలు కూడా పెడుతున్నారు. మంచిదే. అయినా పాత సంఘంలో ఆమె జాగా ఆమెకు ఉండాలి. అందుకే సమాఖ్యను మూడు తీర్మానాలు అడుగుతున్నాం. అప్పు ఇచ్చినా ఇవ్వకపోయినా అరవై దాటినవాళ్ళను ప్రతి మీటింగ్‌కు పిలవాలి. మీటింగ్‌లో పది నిమిషాలు వ్యాయామానికి ఇవ్వాలి. రెండుసార్లు రాని అవ్వ ఇంటికి ఒకరు పోయి చూసి రావాలి.

వీటికి బడ్జెట్ అక్కర్లేదు. మేమూ ఒకనాడు అరవై దాటుతాం. ఆనాడు మమ్మల్ని పిలవడానికి ఒక గొంతు ఉండాలంటే, ఈనాడు మనం పిలవాలి.