డాన్ క్విక్సోట్‌కు బొమ్మలు నేర్పిన చదువు

సెర్వాంటిస్ నవల ‘డాన్ క్విక్సోట్’ 1605లో మాడ్రిడ్‌లో తొలిసారి అచ్చయినప్పుడు అందులో కథకు బొమ్మలు లేవు. తర్వాత చేరిన బొమ్మలు వట్టి అలంకారాలు కావు; ఆ పుస్తకాన్ని ఎలా చదవాలో పాఠకులకు అవే నేర్పాయి. 1657 నాటి డచ్ అనువాదంలో, 1662లో బ్రసెల్స్‌లో వెలువడిన స్పానిష్ ప్రతిలో చెక్కిన బొమ్మలు పోట్లాటలకు, దెబ్బలకు పెద్దపీట వేశాయి. చూసినవారికి అది నవ్వుల కథే. 1738 నాటి లండన్ ప్రతి దారి మార్చింది. దానికి వాండర్‌బ్యాంక్ బొమ్మలు గీశాడు. వింత సాహసాల కన్నా మనుషుల ముఖభావాలు, సంభాషణలే బొమ్మకు తగినవని అందులోనే జాన్ ఓల్డ్‌ఫీల్డ్ వాదించాడు. 1780లో స్పానిష్ రాయల్ అకాడమీ, ఇబార్రా ముద్రణాలయంలో నాలుగు సంపుటాలు వేయించింది. దుస్తులు, ఆయుధాలు కథాకాలానికి సరిపోవాలని పట్టుబట్టి, స్వదేశీ కళాకారులతో బొమ్మలు గీయించింది. నవ్వుల కథ జాతి గౌరవానికి గుర్తయింది.

ఇవి ధనికుల పుస్తకాలు కదా, సామాన్య పాఠకుడికి ఏం ఒరిగింది అని అడగవచ్చు. ఖరీదు మాట నిజమే. రాగిరేకు మీద గీతలు చెక్కాలి, వాటిలో సిరా నింపాలి, పైన మిగిలింది తుడిచెయ్యాలి, తడి కాగితాన్ని దాని మీద పరిచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కాలి. అక్షరాల అచ్చుకు వేరే యంత్రం. అయితే ఒకరు చెక్కిన బొమ్మను చూసి మరొకరు చెక్కడం అప్పట్లో మామూలే. బ్రసెల్స్ బొమ్మలు డచ్ బొమ్మలను అనుసరించినవే. అలా ఒక చూపు ఊళ్లు, భాషలు దాటింది. రచన గొప్పదనం ముందు బొమ్మలెంత అనేవారికీ జవాబుంది: సెర్వాంటిస్ రాసిన కథ మారలేదు, దాన్ని చూసే తీరు మారింది. ఆ మార్పుకు సాక్ష్యం ఈ బొమ్మలే. అందుకే పాత ప్రతుల్లోని బొమ్మలనూ అక్షరాలంత శ్రద్ధగా చదవాలి.